ఆడపిల్లల మోకాళ్లు బాగుండాలంటే ముందు దూకి దిగడం నేర్పండి

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లప్పుడు మోకాలి లిగమెంట్ తెగింది. ఎవరూ తోయలేదు, ఎవరూ వచ్చి తగల్లేదు. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఒక ఇండోర్ కోర్టులో బ్యాడ్మింటన్ ఆడుతోంది, షటిల్ తల మీదుగా ఎడమ మూలకి పోయింది, ఇది వెనక్కి ఎగిరి కొట్టింది, ఎడమ కాలి మీద దిగింది, టప్ మని చప్పుడు, అంతే అక్కడే కూలబడింది. గ్యాలరీలో కూర్చున్న నాకు కూడా వినపడింది ఆ చప్పుడు. పరిగెత్తుకుంటూ పోతే మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని "చిన్నమ్మా, లోపల ఏదో జారిపోయింది" అంది. సాయంత్రానికల్లా మోకాలు కొబ్బరికాయంత అయ్యింది.

నేను హ్యాండ్‌బాల్ ఆడినదాన్ని, పొద్దున పూట స్కూలు ఆడపిల్లలకి కోచింగ్ ఇస్తా. అప్పటికి ఎనిమిదేళ్ల నుంచి ఇస్తున్నా. ఎంత గట్టిగా ఎగరాలి, ఎంత వేగంగా విసరాలి అన్నీ నేర్పాను కానీ ఎగిరాక కిందికి ఎట్లా దిగాలో ఒక్క పిల్లకి కూడా ఒక్క రోజు కూడా నేర్పలేదు. నాకెవరూ నేర్పలేదు కాబట్టి నాకూ తట్టలేదు. ఆ తర్వాత ఫిజియో దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ, గ్రౌండ్లో చేయించి చూసిందీ ఇక్కడ రాస్తున్నా, కూతుళ్లని ఆటలకి పంపే అమ్మానాన్నలూ, పీఈటీ సార్లూ మేడమ్‌లూ దయచేసి ఓపిగ్గా చదవండి.

ముందు అసలు తెగేది ఏంటో చెప్తా. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ పట్టి ఉంచే చిటికెన వేలంత తాడు ఒకటి ఉంటది, దాన్నే ఏసీఎల్ అంటారు. కింది ఎముక ముందుకి జారకుండా, మోకాలు మెలి తిరగకుండా ఆపేది అదే. ఇది తెగడం అంటే ఎవరో వచ్చి ఢీకొడితేనే అనుకుంటాం, కానీ పది కేసుల్లో దాదాపు ఏడు ఎవరూ తగలకుండానే జరుగుతాయి, ఎగిరి దిగేటప్పుడో, పరిగెత్తుతూ సడన్‌గా ఆగేటప్పుడో, పక్కకి తిరిగేటప్పుడో. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటది, మన సైనా మీద స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ 10-4తో ముందుంది, కుడి మోకాలు దెబ్బతిని ఏడుస్తూ మ్యాచ్ వదిలేసింది. 2021లో ఆమెకే ఎడమ మోకాలు పోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మొదటి గేమ్ గెలిచి రెండోదాంట్లో కూడా ముందున్నప్పుడు మళ్లీ కుడి మోకాలు. ఆమెది ఎడమచేతి వాటం. బ్యాడ్మింటన్‌లో బ్యాక్‌హ్యాండ్ మూలకి పోయిన షటిల్‌ని తల మీదుగా కొట్టినప్పుడు రాకెట్ పట్టిన చేతికి రెండో వైపు కాలి మీద ఒంటికాలితో దిగాల్సి వస్తది, బరువంతా దాని మీదే పడతది. మా పిల్లది కుడిచేతి వాటం, తెగింది ఎడమ కాలు. లెక్క అదే.

ఇంకో విషయం, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, కాలు నేలకి తగిలాక సెకనులో ఇరవయ్యో వంతు లోపే ఆ తాడు తెగిపోతది. అంత తక్కువ టైమ్‌లో పిల్ల ఆలోచించి మోకాలు సర్దుకోవడం అనేది జరిగే పని కాదు. "చూసుకుని ఆడు తల్లీ" అని మనం గ్యాలరీలోంచి అరిస్తే ఏం లాభం. ఒంటికి ముందే అలవాటై ఉండాలి, నిద్రలో లేపి దూకమన్నా సరిగ్గా దిగేంత అలవాటు.

ఆడపిల్లలకే ఎందుకు ఎక్కువ అంటే, అదే ఆట అదే గ్రౌండ్ అయినా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటివాటిలో అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఈ దెబ్బ రెండు మూడు రెట్లు ఎక్కువ తగుల్తది. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి పిల్ల ఒక్కసారిగా పొడవైపోతది, ఎముకలు సాగుతాయి, బరువు పెరుగుతది, కానీ అబ్బాయిలకి ఆ వయసులో కండ దానంతటదే వచ్చినట్టు అమ్మాయిలకి రాదు, చేయిస్తేనే వస్తది. నడుము వెడల్పు, లిగమెంట్ సైజు ఇవి మన చేతుల్లో లేవు. హార్మోన్ల ప్రభావం గురించి కూడా చాలా మాట్లాడతారు, అది కూడా మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటే, దిగే పద్ధతి, దానికి కావాల్సిన కండ. నన్నడిగితే మన ఇళ్లల్లో జరిగేది కూడా కొంత కారణమే, మగపిల్లాడు చిన్నప్పటి నుంచి గోడలెక్కి దూకుతుంటే ఎవరూ ఏమనరు, ఆడపిల్ల పదేళ్లు దాటగానే "ఏంటా గంతులు, కుదురుగా కూర్చో" అంటాం, తర్వాత పదమూడో ఏట డైరెక్ట్‌గా స్టేట్ సెలెక్షన్స్‌కి పంపుతాం. దూకడం దిగడం ఎప్పుడు నేర్చుకుంటది మరి.

నేర్పితే తగ్గుతుందా అంటే కచ్చితంగా తగ్గుతది. స్వీడన్‌లో పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య ఫుట్‌బాల్ ఆడే నాలుగున్నర వేల మందికి పైగా అమ్మాయిల మీద చేసిన స్టడీ 2012లో వచ్చింది, వారానికి రెండుసార్లు పదిహేను నిమిషాల వార్మప్ చేసినవాళ్లలో ఏసీఎల్ తెగడం 64 శాతం తగ్గింది. ఫిఫా వాళ్ల 11 ప్లస్ అనే వార్మప్ ఇరవై నిమిషాలు ఉంటది, దాన్ని నార్వేలో అమ్మాయిల మీద చూస్తే 2008లో వచ్చిన ఫలితాల్లో పెద్ద దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయి. మిషన్లు లేవు, జిమ్ లేదు. నేను కింద చెప్పేవి కూడా ఆ రకం ఎక్సర్‌సైజులే, మన గ్రౌండ్లకి తగ్గట్టు చేయిస్తున్నా.

మొదట మీ పిల్ల ఎట్లా దిగుతుందో చూడండి. ఒక అడుగు ఎత్తున్న అరుగో, కదలని బలమైన పీటో తీసుకోండి. షార్ట్స్ వేసుకుని, షూస్ వేసుకుని దాని మీద నిలబడాలి. మీరు ఎదురుగా రెండు మూడు మీటర్ల దూరంలో కింద కూర్చుని ఫోన్ మోకాలి ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయండి. పిల్ల పీట మీద నుంచి కిందికి దిగి, నేల తగలగానే మళ్లీ పైకి ఎంత వీలైతే అంత ఎగరాలి. మూడుసార్లు తీయండి. ముందే "మోకాళ్లు జాగ్రత్త" అని చెప్పకండి, చెప్తే సర్దుకుంటది, మీకు నిజం కనపడదు. తర్వాత వీడియోలో పాదం నేలకి తగిలిన దగ్గర ఆపి చూడండి. మోకాలి చిప్ప కాలి రెండో వేలికి నేరుగా పైన ఉందా, లేక రెండు మోకాళ్లు ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుంటున్నట్టు లోపలికి పడిపోతున్నాయా. పక్క నుంచి ఇంకో వీడియో తీసి మోకాళ్లు మడిచి దిగుతుందా, కర్రలాగ నిటారుగా దిగుతుందా చూడండి. చెవులు కూడా వాడండి, దబ్ మని చప్పుడొస్తే ఆ బరువు కండ తీసుకోలేదు, కీలు తీసుకుందన్నమాట.

మా గ్రౌండ్లో మొదటిసారి ఇరవైరెండు మందికి ఇట్లా తీసి చూశాను. బాగా ఎగిరే పిల్ల, టీమ్‌లో అందరికంటే ఫాస్ట్, దాని మోకాళ్లు దిగేటప్పుడు ఒకదానికొకటి తగిలినంత పని అయ్యాయి. వీడియో దానికే చూపించాను, "మేడమ్ ఇది నేనేనా" అని మళ్లీ మళ్లీ చూసింది. చూపించడం చాలా ముఖ్యం అండి, వంద సార్లు చెప్పిన దానికంటే ఒక్కసారి తన కాళ్లు తనకి కనపడితే ఎక్కువ ఎక్కుతది.

ఇక నేర్పడం. మొదటి రెండు వారాలు దూకుడు తక్కువ, దిగుడు ఎక్కువ. నిలబడ్డ చోటనే చిన్నగా ఎగిరి రెండు కాళ్ల మీద దిగాలి, దిగి కదలకుండా మూడు లెక్కపెట్టేదాకా ఉండాలి. నేను "మోకాలు ముప్పై డిగ్రీలు వంచు, నడుము వెనక్కి పెట్టు" అని చెప్పడం మానేశాను, పిల్లలు అయోమయం అయిపోతారు. "పిల్లి గోడ మీద నుంచి దూకినట్టు దిగు, నాకు చప్పుడు వినపడొద్దు" అంటే చాలు, మోకాళ్లూ నడుమూ వాటంతటవే మడుచుకుంటాయి. లోపలికి పడే పిల్లలకి "నీ చిప్పలకి టార్చిలైట్లు కట్టామనుకో, వెలుగు నేరుగా ముందు పడాలి, రెండూ కలవొద్దు" అని చెప్తా. ఇది కుదిరాక ముందుకి దూకి ఆగడం, పక్కకి దూకి ఆగడం, తర్వాత గాల్లో సగం తిరిగి దిగడం, ఆ తర్వాతే ఒంటికాలి మీద. ఒక్కోటి ఐదారుసార్లు చాలు. అలిసిపోయి చప్పుడు మొదలయ్యిందంటే ఆపేయండి, అలసటలో చేసిన పది తప్పు దూకుళ్లు తప్పునే నేర్పుతాయి.

ఎనిమిది తొమ్మిదేళ్ల చిన్నపిల్లలైతే ఇదంతా కూడా అక్కర్లేదు, చాక్‌పీస్‌తో గళ్లు గీసి తొక్కుడుబిళ్ళ ఆడించండి. ఒంటికాలి మీద గంతేయడం, గీత తొక్కకుండా ఆగడం, వంగి బిళ్ళ తీసుకుని పడకుండా లేవడం, రెండు కాళ్లతో దిగి వెనక్కి తిరగడం, అన్నీ అందులోనే ఉన్నాయి. రెండో కాలితో కూడా ఆడించండి, అదొక్కటే రూల్ మార్చాను నేను.

కండ కోసం నాలుగు చేయిస్తా. ఒకటి బస్కీలు, నడుము వెనక్కి నెట్టి కుర్చీలో కూర్చోబోతున్నట్టు దిగాలి, మడమలు నేల వదలొద్దు. మోకాళ్లు లోపలికి వస్తుంటే పాత చున్నీ మోకాళ్లకి కాస్త పైన తొడల చుట్టూ కట్టి, దాన్ని బయటికి నెడుతూ దిగమనండి, తేడా ఆ పూటే కనపడతది. బస్కీలు బాగా వచ్చాక ఒంటికాలి మీద, కొంచెమే దిగి లేవాలి, అద్దం ముందు చేసుకుంటే మంచిది. రెండోది వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, పిరుదుల కండకి ఇది చాలా మంచిది, కొన్ని వారాల తర్వాత ఒక కాలు గాల్లో పెట్టి ఇంకో కాలితో. మూడోది ప్లాంక్, అంటే మోచేతుల మీదా కాలి వేళ్ల మీదా ఒళ్లంతా ఒకే గీతలాగ ఎత్తి ఉంచడం, ముందుకీ పక్కకీ, ఇరవై ముప్పై సెకన్లు, నడుము జారకుండా.

నాలుగోదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకి తొడ ముందు కండ గట్టిగా ఉంటది, వెనక కండ వీక్‌గా ఉంటది. ముందు కండ కింది ఎముకని ముందుకి లాగుతది, వెనక కండ వెనక్కి పట్టి ఉంచుతది, అంటే ఏసీఎల్ చేసే పనిలో సాయం చేసేది ఈ వెనక కండే. దీనికి ఇద్దరు కావాలి. ఒక పిల్ల చాప మీద మోకాళ్ల మీద నిలబడతది, ఇంకో పిల్ల వెనక కూర్చుని మడమలు గట్టిగా పట్టుకుంటది. మొదటి పిల్ల నడుము దగ్గర వంగకుండా మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలాగ మెల్లగా ముందుకి వాలాలి, ఇక ఆపుకోలేను అనుకున్నప్పుడు చేతులు నేలకి ఆనించేయాలి. మొదటి వారం మూడుసార్లు చాలు, ఎక్కువ చేస్తే రెండ్రోజులు మెట్లు దిగలేరు, ఇంట్లోవాళ్లు మళ్లీ పంపరు. మెల్లగా పెంచుకుంటూ పోతే రెండు నెలలకి పది దాకా వస్తారు.

బ్యాలెన్స్‌కి ఒంటికాలి మీద నిలబడి బాల్ ఒకరికొకరు విసురుకోవడం, కొంచెం వచ్చాక పక్కనున్న పిల్ల భుజం మీద మెల్లగా తోయడం. పిల్లలకి ఇది బాగా నచ్చుతది, నవ్వుతూనే చేస్తారు.

తిరగడం, ఆగడం మాత్రం ఆటని బట్టి నేర్పాలి. ఒక్క పెద్ద అడుగేసి కాలు చాపి సడన్‌గా ఆగే అలవాటు మాన్పించండి, మూడు చిన్న అడుగులేసి ఒళ్లు కిందికి దించుకుంటూ ఆగాలి. పక్కకి తిరిగేటప్పుడు పాదం నేలకి అతుక్కుని ఉండి ఒళ్లు మాత్రమే తిరిగితే మెలి అంతా మోకాలి మీద పడతది, పాదం కూడా పోయే వైపుకే తిరగాలి. ఖోఖోలో పోల్ దగ్గర తిరిగేటప్పుడు, హ్యాండ్‌బాల్‌లో డిఫెండర్‌ని తప్పించేటప్పుడు, కబడ్డీలో రైడర్ బోనస్ లైన్ దగ్గర్నుంచి వెనక్కి మళ్లేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతది. బ్యాడ్మింటన్ పిల్లలకి ఆ బ్యాక్‌హ్యాండ్ మూల ఫుట్‌వర్క్ షటిల్ లేకుండా రోజూ పదిసార్లు చేయించండి, దిగాక ఒక్క క్షణం ఆగి మోకాలు చూసుకుని ముందుకి రావాలి.

ఇవన్నీ కలిపితే పదిహేను ఇరవై నిమిషాలు, వారానికి మూడుసార్లు, ప్రాక్టీస్‌కి ముందు. సీజన్ మొదట్లో ఒక నెల చేసి వదిలేస్తే పోయినట్టే, ఏడాదంతా చేయాలి. మన సిటీలో అసలు సమస్య టైమ్. కోర్టు గంట లెక్కన బుక్ చేస్తాం, ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలు లేట్‌గా దిగుతాం, డబ్బు కట్టిన గంట వేస్ట్ కాకూడదని కారు దిగిన పిల్ల నేరుగా స్మాష్‌లు మొదలుపెడతది. మా అక్క ఇప్పుడు అరగంట ముందు బయల్దేరుతది, పిల్ల పార్కింగ్‌లోనే వార్మప్ చేసుకుంటది, దానికి కోర్టు అక్కర్లేదు కదా. కోచ్ "అవన్నీ ఇంట్లో చేసుకో" అంటే గొడవ పడకుండా పార్కింగ్‌లోనో మెట్ల దగ్గరో చేయించండి.

సెలవుల తర్వాత రోజులు చాలా డేంజర్. పరీక్షల కోసం రెండు నెలలు కూర్చుని, మే నెలలో సమ్మర్ క్యాంపుకి పోయి మొదటి రోజు నుంచే పొద్దున రెండు గంటలు సాయంత్రం రెండు గంటలు ఆడితే మోకాలు ఏం కావాలి. దసరా సెలవుల తర్వాత టోర్నమెంట్లకి పోయేటప్పుడు కూడా అంతే. మొదటి వారం సగం, తర్వాత మెల్లగా పెంచండి. ఒకే ఆటని వారానికి పిల్ల వయసు ఎంతో అన్ని గంటలకి మించి ఆడించొద్దని డాక్టర్లు ఒక లెక్క చెప్తారు, అంటే పన్నెండేళ్ల పిల్లకి పన్నెండు గంటలు. పదేళ్లకే రోజుకి రెండు సెషన్లు పెట్టించే అమ్మానాన్నలు ఇది ఒక్కసారి ఆలోచించండి. వారానికి ఒక రోజు పూర్తి రెస్ట్, రాత్రి ఎనిమిది గంటల నిద్ర.

పొద్దున ఐదింటికి ఖాళీ కడుపుతో పంపొద్దు, కనీసం ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు. సాయంత్రం ఆట అయ్యాక ఉడికించిన గుడ్డో, శనగలో, పల్లీలో పెట్టండి. రక్తం తక్కువుంటే పిల్ల తొందరగా అలిసిపోతది, అలిసిన కాలు సరిగ్గా దిగదు, సీజన్ ముందు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. పీరియడ్స్ గురించి కూడా మాట్లాడండి, సిగ్గుపడే విషయం కాదిది. గట్టిగా ఆడే పిల్లకి మూడు నెలలు వరసగా రాకపోతే "ఆటలాడితే అంతేలే" అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించాలి, ఒంటికి తిండి సరిపోవట్లేదని చాలాసార్లు అదే చెప్తది, ఎముకలకి కూడా మంచిది కాదు.

షూస్ విషయం చిన్నదే. ఇండోర్ కోర్టులో రన్నింగ్ షూస్ వద్దు, అడుగున గమ్ సోల్ ఉన్న నాన్ మార్కింగ్ షూసే వేయించండి. గట్టి నేల మీద అడుగున పొడుగు స్టడ్స్ (మేకుల్లాంటివి) ఉన్న షూస్ వద్దు, పాదం ఇరుక్కుపోతది. మోకాలికి వేసే గుడ్డ క్యాప్ ఏసీఎల్ తెగకుండా ఆపదు, దాన్ని నమ్ముకుని వార్మప్ మానొద్దు.

ఇంత చేసినా ఒక్కోసారి తగుల్తది. టప్ మన్న చప్పుడు, గంట రెండు గంటల్లోనే వాపు, నిలబడితే మోకాలు జారిపోతున్నట్టు అనిపించడం, ఈ మూడిట్లో ఏది ఉన్నా ఆ రోజుకి ఆట బంద్. "లేచి నడువు, పోతది" అనొద్దు, మాలిష్ వద్దు, నాటు కట్టు వద్దు. గుడ్డలో ఐస్ చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మా పిల్లకి మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణికింది అని పంపేశారు, మూడు వారాలు దాని మీదే నడిచింది. ఎక్స్‌రేలో ఎముకే కనపడతది, లిగమెంట్ కనపడదు. డాక్టర్ కాలు చేత్తో పట్టుకుని లాగి చూసి పరీక్ష చేయాలి, అనుమానం ఉంటే ఎమ్మారై తీయించాలి.

సర్జరీ అయితే తొమ్మిది నెలల లోపు ఆటకి పంపొద్దు, ఎంత ఏడ్చినా ఏ సెలెక్షన్ ఉన్నా సరే. నెలలు నిండితే చాలదు, ఒంటికాలితో ఎంత దూరం దూకుతుందో రెండు కాళ్లకీ కొలిచి, దెబ్బ తగిలిన కాలు రెండోదాంట్లో తొంభై శాతానికి పైగా వస్తేనే. మన గోపీచంద్ 1994లో మోకాలి లిగమెంట్ పోయాక 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, కాబట్టి తెగింది ఇక అయిపోయింది అని పిల్లకి ఎవర్నీ చెప్పనీయకండి. కానీ ఇది కూడా తెలుసుకోవాలి, చిన్న వయసులో ఒకసారి తెగి మళ్లీ ఆటలోకి వచ్చినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి మళ్లీ తెగుతది, అదే కాలు కావొచ్చు, రెండోది కూడా కావొచ్చు. అందుకే బాగున్న కాలిని వదిలేయొద్దు.

మా పిల్ల పదకొండో నెలలో కోర్టుకి వచ్చింది. ఇప్పటికీ పార్కింగ్‌లో చాప వేసుకుని రెండు కాళ్లకీ చేస్తది, ముందు ఎడమ, తర్వాత కుడి, మడమలు మా అక్క పట్టుకుంటది.